బాగున్నా మాత్ర మానకూడదు – ఎందుకు?

“ఒంట్లో బాగానే ఉంది కదా సిస్టర్, ఇంకా మాత్రలెందుకు?” అని హెచ్.ఐ.వి. ఉన్నవారు మమ్మల్ని అడుగుతుంటారు. కారణం తెలుసుకుందాం.

ఈ వైరస్ మన తెల్లరక్తకణంలో చేరి తన జన్యువును డి.ఎన్.ఎ.గా మార్చుకుంటుంది. దాన్ని మన డి.ఎన్.ఎ.లో అతికించేది ఇంటిగ్రేజ్ అనే వైరస్ ఎంజైము. అందుకు మన కణంలోని ప్రోటీనే సాయపడుతుందని 2003లో శాస్త్రజ్ఞులు గుర్తించారు. దాని పేరు ఎల్.ఇ.డి.జి.ఎఫ్. అది ఒకవైపు మన డి.ఎన్.ఎ.ను, మరోవైపు ఇంటిగ్రేజ్‌ను పట్టి ఉంచుతుంది. ఇంటివాడే దొంగకు దారి చూపినట్లన్నమాట!

డోలుటెగ్రావిర్ మందు ఇంటిగ్రేజ్‌ను అడ్డుకుని కొత్త కణాలను కాపాడుతుంది. కానీ ముందే అతుక్కున్నదాన్ని తీసివేయలేదు. మాత్రలు మానితే అది మళ్ళీ విజృంభిస్తుంది. అందుకే బాగున్నా రోజూ వేసుకోండి. మానాలనిపిస్తే ముందుగా మా దగ్గరకు రండి, మాట్లాడుకుందాం.