మూడో స్థానం మ్యాచ్‌కి ముందే వెళ్ళు

కె.గంగవరం,
3-3-2026.

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

సాయంత్రం గ్రహణమని మీ పెద్దమ్మ వంట పెందలాడే ముగించేసింది. కోటిపల్లి రేవుకి స్నానాలకి వెళ్ళేవాళ్ళతో రోడ్డంతా సందడిగా ఉంది. నాకు తీరిక దొరికింది కాబట్టి ఫోన్లో సగంలో ఆగిన మాటలు ఇప్పుడు రాస్తున్నాను.

ముందు నీకు కావలసిన కబురు. మీ నాన్న ఒప్పుకున్నాడు. రెండు రోజులు పట్టింది. "ఆడపిల్లలు నలుగురు, హాకీ చూడ్డానికి హైదరాబాదు దాకానా అన్నయ్యా" అన్నాడు. సినిమావాళ్ళ ఫంక్షన్‌కి మన ఊరి కుర్రాళ్ళు లారీ కట్టించుకుని వెళితే ఎవరూ ఇలా అడగరు కదరా అన్నాను. ఏం మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "మియాపూర్‌లో చెల్లెలింట్లో దిగుతామంటే సరే" అన్నాడు. మీ అత్తయ్యకి నేనే ఫోన్ చేశాను. నలుగురూ అక్కడే ఉంటున్నారు. ఇందులో బేరం లేదు.

ఇక నేను ఉత్తరం రాయడానికి అసలు కారణం. మొన్న ఫోన్లో నువ్వొక మాటన్నావు. "మనవాళ్ళు ఫైనల్‌కి రాకపోతే రైలు టిక్కెట్లు కాన్సిల్ చేసేస్తాం పెదనాన్నా" అని. ఆ మాట నాకు నిద్ర పట్టనివ్వలేదు. అలా చెయ్యకు తల్లీ. మనవాళ్ళు ఫైనల్‌కి రాకపోతే తప్పకుండా వెళ్ళు. ఆ రోజే నీ అవసరం ఎక్కువ.

మీరు చూడబోయేది ప్రపంచ కప్ కాదు, ప్రపంచ కప్‌కి వెళ్ళడానికి అర్హత పోటీ. ఆగస్టులో నెదర్లాండ్స్, బెల్జియంలలో ప్రపంచ కప్ జరుగుతుంది. దానికి హైదరాబాద్‌లో మార్చి 8 నుంచి 14 దాకా ఎనిమిది దేశాల ఆడపిల్లలు తలుపు తడతారు. ఇలాంటి పోటీలో ఫైనల్‌కి చేరిన రెండు జట్లూ అప్పటికే గడప దాటేసినట్టే. మూడో స్థానం కోసం ఆడే మ్యాచ్ ఉంటుంది చూడు, అక్కడ ఉంటుంది ప్రాణసంకటం.

2024 జనవరిలో రాంచీలో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. పారిస్ ఒలింపిక్స్‌కి మొదటి మూడు జట్లే వెళతాయి. సెమీ ఫైనల్లో మనవాళ్ళు జర్మనీతో 2-2గా నిలిచి, షూటౌట్‌లో ఓడారు. మర్నాడే జపాన్‌తో మూడో స్థానం మ్యాచ్. ఒక్క రాత్రి తేడా. కాళ్ళ నొప్పులూ తగ్గవు, మనసూ కుదుటపడదు. జపాన్ మొదట్లోనే ఒక గోలు కొట్టింది, మిగతా సమయమంతా మనవాళ్ళు దాన్ని తీర్చడానికి పరిగెత్తారు. 0-1. అంతే, పారిస్ పోయింది. అంతకు రెండున్నరేళ్ళ కిందట టోక్యో ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాని 1-0తో పడగొట్టి నాలుగో స్థానంలో నిలిచిన జట్టది. జర్మనీ, అమెరికా ఫైనల్ ఆడుకుంటే ప్రపంచం చూసింది. కానీ ఆ రోజు కన్నీళ్ళన్నీ అంతకు ముందు మ్యాచ్‌లోనే ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, 14 శనివారం ఫైనల్ వేళకి తీరిగ్గా బయల్దేరకండి. మూడో స్థానం మ్యాచ్ మొదలయ్యేసరికి కుర్చీల్లో ఉండండి.

నేను ఊరికే నీతులు చెప్పడం లేదు. మనవాళ్ళు ఓడిన మ్యాచ్ చూడ్డానికే నేను బతుకులో ఒక్కసారి రాష్ట్రం దాటాను. అంతకు ముందు 2003లో ఆఫ్రో ఏషియన్ క్రీడలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. మగవాళ్ళ హాకీ ఫైనల్లో పాకిస్తాన్‌ని మనవాళ్ళు 3-1తో గెలిచారు. సార్వా కోతలు దగ్గరపడ్డాయని ఆగిపోయాను. ఆ తర్వాత పదిహేనేళ్ళూ ఆ మ్యాచ్ తలుచుకున్నప్పుడల్లా కడుపులో దేవినట్టుండేది. కోతలు ప్రతి ఏడూ వస్తాయి కదా అనిపించేది. అందుకే 2018లో భువనేశ్వర్‌లో ప్రపంచ కప్ అనగానే సామర్లకోటలో రైలెక్కేశాను.

డిసెంబరు 13, గురువారం, కళింగ స్టేడియం. నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్. పన్నెండో నిమిషంలో ఆకాశ్‌దీప్ సింగ్ గోలు కొట్టగానే నా పక్కనున్న ఒడియా ముసలాయన నన్ను వాటేసుకున్నాడు. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకి రాదు. ఆ క్వార్టర్ ముగిసేలోపే వాళ్ళు సమం చేశారు. నాలుగో క్వార్టర్లో పెనాల్టీ కార్నర్ వచ్చింది వాళ్ళకి. మనవాళ్ళు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు గోలు గీత వెనక నిలబడ్డారు. ముఖాలకి మాస్కులు తగిలించుకుంటున్నారు. మిగతావాళ్ళు మధ్య గీత అవతలికి వెళ్ళిపోవాలి, అదీ నిబంధన. టీవీలో ఆ నాలుగు క్షణాలూ కొట్టేవాడి ముఖమే చూపిస్తారు. నేను మాత్రం గీత మీద నుంచి మొదట పరిగెత్తాల్సిన కుర్రాణ్ణి చూశాను. బంతి కదలగానే ఎదురెళ్ళి దానికి తన ఒంటిని అడ్డం పెట్టాలి వాడు. కర్రని రెండు చేతులా నేలకానించి, కాలి మునివేళ్ళ మీద వంగి ఉన్నాడు. బంతి వచ్చింది, ఆగింది, వాళ్ళ వాన్ డెర్ వీర్డెన్ ఈడ్చి విసిరాడు. నాకు బంతి కనపడలేదు. ఢామ్మని చప్పుడు వినపడింది. గోలు అడుగున చెక్క పలక ఉంటుంది, బంతి దానికి తగిలిన చప్పుడది. అంతమంది జనంలో ఆ చప్పుడు ఎంత స్పష్టంగా వినపడిందంటే, ఇప్పటికీ ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే నాకు అదే గుర్తొస్తుంది. 1-2. మనం ఓడిపోయాం.

ఒడియా ముసలాయన లేవలేదు. నేనూ లేవలేదు. ఓడిన కుర్రాళ్ళు జనానికి చేతులెత్తి దండం పెడుతూ మైదానం చుట్టూ నడుస్తుంటే, మిగిలిన కాసిని మందిమి నిలబడి చప్పట్లు కొట్టాం. అందులో ఒక కుర్రాడు తలెత్తి మా వైపు చూశాడు. ఆ చూపు కోసమే నిన్ను వెళ్ళమంటున్నాను బుజ్జీ. గెలిచినవాళ్ళకి చప్పట్లు కొట్టడానికి దేశమంతా ఉంటుంది.

ఆదివారం ఫైనల్ కూడా చూసే వస్తానని మీ పెద్దమ్మతో చెప్పి వెళ్ళాను. శుక్రవారం ఫోన్ వచ్చింది, తుఫాను మన వైపే వస్తోందని. కోసిన వరి చేలో కుప్పలేసి ఉంది. శనివారమే తిరుగు బండెక్కాను. ఆదివారం రాత్రి బెల్జియం షూటౌట్‌లో గెలుస్తున్నప్పుడు నేను, మీ నాన్న కుప్పల మీద బరకాలు కప్పి తాళ్ళు బిగిస్తున్నాం. సోమవారం పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటింది. ఫైనల్ పోయిందని నాకు ఇప్పటికీ బాధే, కానీ చేసింది తప్పని అనుకోను. నువ్వూ ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తు. స్టేడియంలో గోలగా ఉంటుంది, వినపడదు అని చెప్పకు. క్వార్టర్‌కీ క్వార్టర్‌కీ మధ్య విరామం ఉంటుంది, అప్పుడు మెసేజ్ పెట్టు చాలు.

ప్రయాణం గురించి పెద్దగా చెప్పేదేం లేదు. శుక్రవారం కాకినాడలో గౌతమి ఎక్కితే లింగంపల్లి దాకా అదే బండి. అక్కడి నుంచి మియాపూర్ దగ్గరే, ఆట జరిగే గచ్చిబౌలీ దూరమేం కాదు. మన ఊరి పక్కన పారే గోదావరి పాయ పేరున్న రైలు కదా, నాకు ఆ బండంటే అదో అభిమానం. అత్తయ్యకి ఆత్రేయపురం పూతరేకులు పంపిస్తున్నాను, పై బెర్తులో పెట్టుకో, నలిగిపోకుండా. గేటు దగ్గర సంచులు లోపలికి రానివ్వకపోవచ్చు. భువనేశ్వర్‌లో నా సంచి టీ కొట్టువాడి దగ్గర దాచుకోవలసి వచ్చింది. మీరు చేతి పర్సు మించి ఏమీ పట్టుకెళ్ళకండి. మార్చి ఎండ తక్కువేం కాదు, టోపీ మర్చిపోకు.

గోలు వెనక వైపు, మూలగా కూర్చోండి. రెండో క్వార్టర్ అయ్యాక జట్లు వైపులు మారతాయి కాబట్టి ఇద్దరి దాడీ మీ ముందుకే వస్తుంది. ఎవరు కొట్టారో రాత్రి ఫోన్లో ఎలాగూ వస్తుంది. బంతి లేని పిల్లలు ఎటు పరిగెడుతున్నారో చూడు, అది ఎందులోనూ రాదు. బెంచీ మీద కూర్చున్న రెండో గోల్‌కీపర్‌ని కూడా ఒకసారి చూడు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా యనమలవారిపల్లె అమ్మాయి రజని ఏళ్ళ తరబడి ఆ బెంచీ మీదే ఉంది, మొదటి గోల్‌కీపర్ సవిత వెనక. టోక్యోకి కూడా జట్టుతో వెళ్ళింది. ఆ బరువైన కాళ్ళ గార్డులు కట్టుకుని, ఎప్పుడు పిలుస్తారో తెలియకుండా సిద్ధంగా ఉండటం ఎంత కష్టమో ఆలోచించు.

2023 ఫిబ్రవరిలో జాతీయ మహిళల హాకీ కాకినాడకి వచ్చినప్పుడు నిన్ను తీసుకెళ్ళింది నేనే. అప్పుడు నువ్వు ఆట కంటే ఐస్‌క్రీమ్ ఎక్కువ చూశావని మీ నాన్న ఇప్పటికీ అంటాడు. కాదని నాకు తెలుసు. దారి పొడుగునా నువ్వు అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. ఆ బంతి పాదానికి తగిలితే ఎందుకు విజిల్ వేస్తారని ఎన్నిసార్లు అడిగావో!

ఇంకొక్క మాట. గచ్చిబౌలిలో ఆ మైదానానికి ఉన్న పేరు బాలయోగిగారిది. గోదావరికి అవతల ఎదుర్లంకలో పుట్టి, లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న మన మనిషి. కోటిపల్లికి మళ్ళీ రైలు రావాలని ఢిల్లీలో పట్టుబట్టింది ఆయనే. 2004లో ఆ రైలు వచ్చేసరికి ఆయన లేడు. 2002లో సరిగ్గా ఇదే మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి పోయాడు. గేటు దగ్గర ఆ పేరు చూసినప్పుడు నీ స్నేహితురాళ్ళకి చెప్పు, మా గోదావరి ఆయనే అని.

ఖర్చులకి మూడు వేలు మీ నాన్న ఫోన్‌పే చేస్తాడు. నేనిచ్చిన వెయ్యి వేరే, అది మీ నలుగురికీ మైదానంలో టిఫిన్లకి. ఆదివారం రాత్రి బండెక్కగానే ఫోన్ చెయ్యి. సోమవారం పొద్దున్న కాకినాడ టౌన్ స్టేషన్‌కి మీ నాన్నా, నేనూ ఇద్దరం వస్తాం.

ఆశీస్సులతో,
పెదనాన్న