తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది?

చంద్రగిరి కోటను చూచినవారికి రక్షణ అనగా నేమో వేరుగా చెప్పనక్కరలేదు. వెనుక కొండ, చుట్టును రాతిగోడ, గోడ కావల అగడ్త. ఒకదానిని దాటినవానిని మరియొకటి అడ్డవలెనని పూర్వులు తలచిరి. అయినను ఎంతటి కోటకైనను ద్వారము ఉండక తప్పదు. ద్వారము కాచువాడు ఏమరినచో గోడలు ఎంత యెత్తున్నను ప్రయోజనము లేదు.

నేడు వర్తకుల చిట్టాలు, సహకార సంఘముల ఖాతాలు, పంచాయతీ నిధుల లెక్కలు చాలవరకు కంప్యూటర్లలో నున్నవి. దొంగ ఊరికి రానక్కరలేదు. ఇంటర్నెట్టు మార్గమున ఎచ్చటనుండి యైనను రాగలడు. కావున ఈ క్రొత్త కోట ద్వారములను గూర్చి పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

మన ప్రాంతమున జరిగినది

2017 మే 12వ తేదీన ‘వన్నాక్రై’ అను ప్రోగ్రాము ప్రపంచమున వ్యాపింప నారంభించినది. సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దీని వాత బడినవి. ఇది కంప్యూటరులోని వివరములను రహస్య లిపిలోనికి మార్చి, యజమానియే చదువుకొనలేకుండ చేయును. తాళము తీయవలెనన్నచో 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ చెల్లింపుమని కోరును. ఇట్టి ప్రోగ్రాములను ‘రాన్సమ్‌వేర్’ అందురు. బ్రిటన్ దేశమున ఆసుపత్రులు రోగులను త్రిప్పి పంపవలసి వచ్చినది. మన రాష్ట్రమున పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దీనికి చిక్కినవి. వానిలో నాటి చిత్తూరు జిల్లాలోనివియు కలవు. తిరుమల తిరుపతి దేవస్థానములవారి కంప్యూటర్లు కొన్నింటికిని ఇది సోకినది.

ఇందు ముఖ్యముగా గమనింపదగిన విషయమొకటి కలదు. ఏ లోపము ద్వారా ఈ ప్రోగ్రాము ప్రవేశించినదో, ఆ లోపమును సరిదిద్దు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరము మార్చి 14వ తేదీననే విడుదల చేసెను. అనగా ద్వారమును మూయుటకు దాదాపు రెండు నెలల గడువు దొరికినది. సవరణను అమర్చుకొనని యంత్రములే ఎక్కువగా దెబ్బతినినవి.

2019 లో తిరుపతి ప్రధాన కేంద్రముగా గల దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థతో పాటు, రెండు తెలుగు రాష్ట్రములలోని మరికొన్ని విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు రాన్సమ్‌వేర్ మూలమున నిలిచిపోయినవి. వివరములకు వేరుగా నకలు ఉన్నదని అధికారులు తెలిపిరి. మొదటి ఘటన సవరణ విలువను, రెండవది నకలు విలువను మనకు బోధించుచున్నవి.

చిన్నవారికి భయము లేదా?

“మా బెల్లపు మండీలో, మా పాల కేంద్రములో ఏమున్నదని దొంగ వచ్చును?” అని కొందరు తలచుచున్నారు. ఇది పొరపాటు. ఇట్టి ప్రోగ్రాము ధనికుడెవరు, పేద యెవరు అని విచారింపదు. తెరచియున్న తలుపు కొరకు వెదకును. పైగా పెద్ద సంస్థకు నిపుణులుందురు. చిన్న దుకాణమునకు ఒక కంప్యూటరు, ఒక గుమాస్తా మాత్రమే యుందురు.

వర్తకులకు సాధారణముగా ఎదురగు మోసములు మూడు విధములు. మొదటిది, బిల్లు వలెనో నోటీసు వలెనో కనిపించు ఫైలును పంపి తెరిపించుట. తెరచిన తోడనే చెడు ప్రోగ్రాము లోన ప్రవేశించును. రెండవది, సరకు పంపువాని పేరుతో “మా బ్యాంకు ఖాతా మారినది, ఇకమీద ఈ క్రొత్త ఖాతాకు చెల్లింపుడు” అని లేఖ పంపుట. దీనికి విరుగుడు తేలిక. లేఖలోని నంబరునకు గాక, మన పుస్తకమున మొదటినుండియు నున్న నంబరునకు ఫోను చేసి విచారించి, ఆ పిమ్మటనే చెల్లింపవలెను. మూడవది, “మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ నొక్కుడు” అని చెప్పుట. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నొక్కనక్కరలేదు. పిన్ నొక్కుట చెల్లింపునకే గాని రాబడికి కాదు.

పంచాయతీ తాళపుచెవి

పంచాయతీకి వచ్చు ఆర్థిక సంఘపు నిధుల చెల్లింపులు ఈ-గ్రామస్వరాజ్ ద్వారా జరుగుచున్నవి. అందుకు డిజిటల్ సంతకము కావలెను. అది చిన్న టోకెన్ రూపమున నుండును; దానిని కంప్యూటరునకు తగిలించి పిన్ నొక్కినచో సంతకము పడును. వ్రేలిముద్ర యొకరిది మరియొకరు వేయలేరు గాని, ఈ టోకెన్, పిన్ రెండును చేతబడినవాడు ఎవరి సంతకమునైనను చేయగలడు. కావున పని తొందరలో వీనిని ఆపరేటరునకు అప్పగించి పోవుట, సంతకము చేసిన ఖాళీ చెక్కులను బల్లపై విడిచిపోవుటతో సమానము.

ఈ విషయమున చట్టము స్పష్టముగా నున్నది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము, 42వ సెక్షను ప్రకారము సంతకపు రహస్య తాళమును తన అధీనమున కాపాడుకొనుట సంతకదారుని విధి. అది పరుల పాలైనచో ధ్రువపత్రమిచ్చిన సంస్థకు వెంటనే తెలుపవలెను. తెలుపునంతవరకు బాధ్యత సంతకదారునిదే. ఇతరుల డిజిటల్ సంతకమును గాని పాస్‌వర్డును గాని మోసముతో వాడినవారికి 66-సి సెక్షను క్రింద మూడేండ్లవరకు ఖైదు, లక్ష రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును.

చేయవలసిన పనులు

1. కంప్యూటరు, సెల్‌ఫోను సవరణలను వచ్చినవి వచ్చినట్లు అమర్చుకొనవలెను. విండోస్ 10 కు సాధారణ సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అట్టి యంత్రములను గూర్చి యోచింపవలెను.

2. ముఖ్యమైన లెక్కలకు మూడు ప్రతులుండవలెను. వానిలో ఒకటి కంప్యూటరునకు తగిలింపక వేరొకచోట భద్రపరచవలెను. తగిలించియున్న నకలునకు కూడ రాన్సమ్‌వేర్ తాళము వేయగలదు.

3. ఒక్కొక్కరికి వేరు వేరు పాస్‌వర్డు ఉండవలెను. వీలున్నచోట పాస్‌వర్డునకు తోడు ఓ.టి.పి. గల రెండంచెల తనిఖీని పెట్టుకొనవలెను.

4. సర్పంచి గాని, ఆ స్థానమున నియమితుడైన అధికారి గాని తన టోకెన్‌ను తన యొద్దనే ఉంచుకొనవలెను. పదవి మారిన దినముననే పాత సంతకమును రద్దు చేయించవలెను.

5. ప్రతి సమావేశమునను చెల్లింపుల జాబితాను బ్యాంకు లెక్కతో సరిచూడవలెను.

మోసము జరిగినచో సిగ్గుపడి దాచరాదు. సొమ్ము పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా తెలిపిన, సొమ్ము చేతులు మారకముందే నిలుపుటకు అంత అవకాశము కలదు. రాన్సమ్‌వేర్ సోకినచో ఆ యంత్రమును ఇంటర్నెట్టునుండి, ఇతర యంత్రములనుండి తక్షణమే వేరుచేయవలెను. దొంగ కోరిన ధనమిచ్చినను అతడు తాళము తీయునను నమ్మకము లేదు.

సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

మన పంచాయతీ టోకెన్లు నేడు ఎవరి చేతిలో నున్నవి? పిన్ ఎందరికి తెలియును? లెక్కల నకలు చివరిసారి ఎప్పుడు తీసిరి? దానిని తెరచి సరిచూచిరా? పదవి విడిచినవారి సంతకములు రద్దైనవా? ఈ ప్రశ్నలకు జవాబులను మినిట్స్ పుస్తకమున వ్రాయించి, మూడు నెలలకొకసారి తిరిగి చూచుకొన్నచో గ్రామ ధనమునకు కొంత కాపుదల యేర్పడును.