అనుభవం ఉన్నా కేసు సాధన తప్పదా?

ప్రశ్న: ఐటీలో పదేళ్లుగా చేస్తున్నాను. కన్సల్టింగ్ ఇంటర్వ్యూకు కొత్తవాళ్లలా కేసులు సాధన చేయాలా?

జవాబు: చేయాలి. మెకిన్సీ, బీసీజీ, బెయిన్ వంటి కన్సల్టింగ్ సంస్థలు అనుభవజ్ఞులకూ కేసు ఇంటర్వ్యూ, అంటే ఒక వ్యాపార సమస్య ఇచ్చి అక్కడికక్కడే విశ్లేషించమనే ఇంటర్వ్యూ, పెడతాయి. పదేళ్ల పనే సాక్ష్యం కాదా అంటారేమో. రెజ్యూమె మీరేం చేశారో చెబుతుంది. తెలియని రంగంలో ఎలా ఆలోచిస్తారో చెప్పదు. సీనియర్లు తడబడేది ఇక్కడే: బ్యాంకు లాభం ఎందుకు తగ్గిందని అడిగితే ఆదాయం, ఖర్చు విడదీసి చూడకుండానే పాత ప్రాజెక్టు పరిష్కారం అప్పజెప్పేస్తారు. కాలిక్యులేటర్ లేకుండా శాతాలు కట్టే అలవాటూ తప్పి ఉంటుంది. అలాగని అనుభవం వృథా కాదు. మెకిన్సీ దాని గురించి విడిగా అడుగుతుంది. అక్కడ ‘మేం చేశాం’ అంటే చాలదు, మీరు తీసుకున్న నిర్ణయమేమిటో చెప్పాలి. కేసులు చదివి వదిలేయకండి, ఎదుట ఒకరిని కూర్చోబెట్టుకుని పైకి మాట్లాడుతూ చేయండి.