రౌతు ఇంటి పద్దు

చిరంజీవికి మీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

నువ్వు పంపిన నవల మొదటి మూడు అధ్యాయాలూ అందాయి. పెదనాన్న ఒకసారి తనలో తాను చదువుకున్నాడు, రెండోసారి పెద్దమ్మకు పైకి చదివి వినిపించాడు. మొదటి అధ్యాయంలో యుద్ధం, రెండో దాంట్లో ఇల్లు, మూడో దాంట్లో మళ్లీ యుద్ధం. కత్తులు బాగా మోగాయి. రెండో అధ్యాయంలో నిజాం గుర్రపు దళమైన రిసాలాలో జమేదారు భార్య గుమ్మం పట్టుకుని కన్నీళ్లు పెట్టుకుంది, అతను గుర్రమెక్కి వెళ్లిపోయాడు. సరిగ్గా అక్కడ పెద్దమ్మ చదవడం ఆపించింది. "ఇతను తిరిగొచ్చేదాకా ఆ ఇల్లు ఎట్లా గడుస్తుంది? అసలు ఆ గుర్రం ఎవరి డబ్బుతో కొన్నారు?" అని అడిగింది. ఈ ఉత్తరమంతా ఆ రెండు ప్రశ్నల గురించే.

నీకు దారి చూపినవి అలన్ మాలిన్‌సన్ రాసిన మాథ్యూ హార్వీ నవలలని చెప్పావు. మంచి గురువునే ఎంచుకున్నావు. మాలిన్‌సన్ బ్రిటిష్ సైన్యంలో ఆశ్విక దళాధికారిగా పనిచేసినవాడు. 1999లో వచ్చిన మొదటి నవల వాటర్లూ యుద్ధందాకా నడుస్తుంది. 2000లో వచ్చిన రెండోది ‘ది నిజామ్స్ డాటర్స్’ హార్వీని మన దక్కనుకే తీసుకొస్తుంది. చింతాల్ అనే కల్పిత సంస్థానం, దాని పక్కనే హైదరాబాద్. తెలుగు పాఠకులకు సహజంగానే ఆ పుస్తకం మీద మమకారం ఎక్కువ. కానీ నీకు కావలసిన పాఠం దాని తర్వాతి పుస్తకాల్లో ఉంది.

హార్వీ ఇంగ్లండులో విల్ట్‌షైర్ పల్లెలోని ఓ చర్చి పురోహితుడి కొడుకు. కలిగిన ఇళ్ల కుర్రాళ్లు నిండిన రెజిమెంటులో చేరాడు. మూడో పుస్తకంలో పెళ్లి, అందులోనే భార్య మరణం, చేతిలో పసిబిడ్డ. ఆ తర్వాత అతను ఇండియాకు, ఆఫ్రికాకు కర్తవ్యం పిలిచిన చోటికల్లా వెళతాడు. కూతుర్ని పెంచేది అతని తోబుట్టువు ఎలిజబెత్, తండ్రి ఇంట్లో. అన్ని పుస్తకాల పొడుగునా ఆ సోదరి జీవితం ఒక పక్కన నడుస్తూనే ఉంటుంది. అతని ధైర్యానికి పేరు అతనికి వస్తుంది, ఖర్చు ఆమె పెట్టుకుంటుంది. మాలిన్‌సన్ ఆ సంగతి పాఠకుణ్ణి మరిచిపోనివ్వడు. గొప్ప సాహస రచయితలు చాలామంది దాన్ని తాకనే తాకలేదు. కానన్ డాయిల్ 1894 నుంచి రాసిన బ్రిగేడియర్ జెరార్డ్ కథలు ఎంత హుషారుగా ఉంటాయో నీకు తెలుసు. ఆ హుస్సార్ అధికారి గుర్రం దిగి ఇంటి ఖర్చు లెక్క చూసుకున్న దృశ్యం మాత్రం గుర్తుకు రాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. ఆ రోజుల్లో బ్రిటిష్ ఆశ్విక దళంలోనూ పదాతి దళంలోనూ అధికారి పదవిని మామూలుగా కొనుక్కోవాల్సిందే. 1821 నాటి అధికారిక ధరల పట్టిక ప్రకారం ఆశ్విక దళంలో కెప్టెన్ పదవి 3,225 పౌండ్లు, లెఫ్టినెంట్ కల్నల్ పదవి 6,175 పౌండ్లు. పదాతి దళంలో కెప్టెన్ పదవి 1,800. గుర్రాలు, దుస్తులు, మెస్సు ఖర్చు దీనికి అదనం. ఉద్యోగం మానుకునేటప్పుడు పదవిని అమ్ముకుంటే వచ్చే సొమ్మే ముసలితనానికి ఆధారం. అయితే అధికారి యుద్ధంలో చనిపోతే ఆ సొమ్ము సాధారణంగా కుటుంబానికి తిరిగి రాదు. 1871లో కార్డ్‌వెల్ సంస్కరణలు రద్దు చేసేదాకా ఇదే పద్ధతి. అమ్మా, ఈ ఒక్క ఏర్పాటులో ఎంత కథ ఉందో చూడు. దాడికి ముందు కత్తి దూసిన కెప్టెన్ ప్రాణంతోపాటు భార్యాబిడ్డల ఇల్లూ ఆ కత్తి మొన మీదే ఉంది. అది తెలిసిన పాఠకుడికి గుమ్మంలో కన్నీళ్లు చూపించనక్కర్లేదు.

నీ జమేదారుది సిలేదారీ పద్ధతి. అక్కడ లెక్క ఇంకా కఠినం. సిలేదారు తన గుర్రాన్ని, తన ఆయుధాలను తానే తెచ్చుకుని నెల జీతానికి కొలువు చేస్తాడు. స్తోమత ఉన్నవాడు నాలుగైదు గుర్రాలు పెట్టి, వాటి మీద బారుగీర్లనే జీతపు రౌతుల్ని కూర్చోబెట్టి వాళ్ల తరఫున జీతం తీసుకుంటాడు. గుర్రం చస్తే మళ్లీ కొనాల్సింది అతనే. కొనలేకపోతే కొలువు పోతుంది, ఇంట్లో పొయ్యి ఆరిపోతుంది. కొందరు సిలేదార్లు తుపాకీ గుళ్ల ముందుకు గుర్రాన్ని ఉరికించడానికి వెనకాడింది పిరికితనంతో కాదు. ఆ గుర్రమే వాళ్ల పొలం, వాళ్ల కాడెద్దులు. నీ మూడో అధ్యాయంలో అతని గుర్రం చచ్చిపోయింది, మరుసటి పేజీలో ఇంకో గుర్రం మీద కనిపించాడు. ఆ రెండు పేజీల మధ్య ఒక కుటుంబం అప్పులపాలు కావాలి. భార్య నగ ఒకటి తాకట్టుకు వెళ్లాలి. నీ అసలు నవల అక్కడ మొదలవుతుంది.

గుర్రం ఎంత ఖరీదైన వస్తువో మనవాళ్లకు కొత్త కాదు. విజయనగరంలో కొంతకాలం ఉన్న పోర్చుగీసు వర్తకుడు ఫెర్నావో నూనిజ్ సాళువ నరసింహరాయల గురించి ఒక ముచ్చట రాశాడు. ఓడ మీద వస్తూ దారిలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలట, బతికున్న గుర్రానికిచ్చినట్టే రాయలు వెల చెల్లించేవాడట.

రిసాలా జీతాలు ఎక్కణ్ణుంచి వచ్చేవో కూడా చూడు. 1810ల్లో రెసిడెంటు హెన్రీ రస్సెల్ పూనికతో నిజాం సైన్యంలో ఇంగ్లీషు అధికారుల కింద దళాలు తయారయ్యాయి. అవే తర్వాత హైదరాబాద్ కాంటింజెంట్ అయ్యాయి. వాటి జీతాల కోసం పేష్కారు చందూలాల్ విలియం పామర్ కంపెనీ దగ్గర అప్పులు చేశాడు. ఆ కంపెనీ 1820ల్లో కూలిపోయింది. చివరికి కాంటింజెంట్ బాకీల కిందే 1853లో బేరార్‌ను ఈస్టిండియా కంపెనీ సర్కారుకు అప్పగించాల్సి వచ్చింది. జమేదారు ఇంటి పద్దు నుంచి రాజ్యం పద్దు దాకా ఒకే గొలుసు.

ఆ పామర్ కూతురు మేరీని పెళ్లి చేసుకున్నది నిజాం సైన్యంలో అధికారి ఫిలిప్ మెడోస్ టేలర్. 1839లో ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవలతో పేరు తెచ్చుకున్నవాడు. భార్య 1844లో పోయింది. అతను దక్కనులోనే ఉద్యోగం చేస్తూ ఉండిపోయాడు. అతను చనిపోయాక 1877లో స్వీయచరిత్ర అచ్చయింది, దాన్ని సరిచూసి అచ్చుకిచ్చింది కూతురే. ఉద్యోగంలో గడిచిపోయిన తండ్రి బతుకును కూతురు కాగితాల మీద పేర్చుకుంటూ కూర్చున్న ఆ దృశ్యం ఏ నవలలోనైనా ఒక అధ్యాయానికి సరిపోతుంది.

ఇక టాల్‌స్టాయ్. ‘యుద్ధము - శాంతి’ని నువ్వు కాలేజీలో ఉండగా చదివావు. ఈసారి నికొలాయ్ రోస్తోవ్ ఒక్కడి వెంటే నడుస్తూ చదువు. పావ్లోగ్రాద్ హుస్సార్లలో కుర్ర అధికారి. మొదటి దాడిలోనే గుర్రం కూలి, చేతికి దెబ్బ తగిలి, పిస్తోలు కాల్చడం మాని శత్రువు మీదికి విసిరి పరుగెత్తాడు. సెలవు మీద ఇంటికొచ్చాక తండ్రి రెండు వేల రూబుళ్లు చేతిలో పెట్టి, ఇల్లు ఇరుకులో ఉంది, మే నెలదాకా వీటితో సరిపెట్టుకోమన్నాడు. నికొలాయ్ పేకాటలో దోలొహోవ్‌కు నలభై మూడు వేలు ఓడిపోయాడు. ఆ రాత్రి ఇంటికొస్తే అక్కడ చెల్లెలు పాడుతోంది. తండ్రితో ఆ మాట చెప్పాల్సిన ఘడియ ఏ ఫిరంగి ముందు నిలబడ్డంకన్నా భయంకరంగా ఉంటుంది. తర్వాత ఏటా తనకు పంపే పదివేలలో రెండు వేలే తీసుకుని, మిగిలింది ఇంటి బాకీకి వదిలేస్తానని నిర్ణయించుకుంటాడు. రెజిమెంటుకు తిరిగి వెళ్లినప్పుడు కన్నవారింటికి వచ్చినట్టే ఉంటుంది అతనికి. ఇల్లు ఎక్కడ, కొలువు ఎక్కడ అన్న గీత అక్కడ చెరిగిపోతుంది.

అదే భాగంలో నికొలాయ్ దళనాయకుడు దెనీసోవ్ కథ ఉంది. దళానికి రోజుల తరబడి తిండి లేదు. సైనికులు ఏవో చేదు దుంపలు తవ్వుకు తింటున్నారు, గుర్రాలకు ఇళ్ల కప్పుల మీది గడ్డి పీకి వేస్తున్నారు. పదాతి దళానికి వెళుతున్న తిండి సరుకుల బళ్లను దెనీసోవ్ బలవంతంగా తీసుకుని తనవాళ్లకు పెట్టాడు. దానికి విచారణ ఎదుర్కోవాల్సి వచ్చింది. అశ్వాధికారి కర్తవ్యం అంటే ముందు మేత, నీళ్లు, తర్వాతే కత్తి అని టాల్‌స్టాయ్‌కి తెలుసు. ఆయన సైన్యంలో పనిచేసినవాడు, సెవాస్తోపోల్ చూసినవాడు. ఇంకో సంగతి కూడా గమనించు. బొరొదినో మహాయుద్ధం జరిగే వేళకు నికొలాయ్ అక్కడ లేడు. దళానికి గుర్రాలు కొనడానికి వొరోనెజ్ పంపారు. అక్కడే రాకుమారి మరియాతో పెళ్లి మాట కదిలింది. గుర్రాల బేరం, పెళ్లి బేరం ఒకే ఊళ్లో.

నీ పుస్తకంలో గుర్రం ఎప్పుడూ దౌడే. అది మారాలి. దూరప్రయాణంలో మంచి రౌతు మధ్య మధ్య దిగి కళ్లెం పట్టుకుని పక్కన నడుస్తాడు, వీపుకు ఊపిరాడాలి కాబట్టి. జీను కింద దుప్పటి ముడత పడితే సాయంత్రానికి పుండు, పుండు పడిన గుర్రం వారాల తరబడి పనికిరాదు. ముందు నీళ్లు, తర్వాత ఉలవలు. నెలా నెలన్నరకు కొత్త నాడాలు. దాడి కూడా నడకతో మొదలై, దుడుకు నడకగా మారి, చివరి కొద్ది గజాల్లోనే పూర్తి దౌడు అందుకుంటుంది. తొందరపడితే వరస చెదిరిపోతుంది, గుర్రాల ఊపిరి ముందే అయిపోతుంది.

ఆపడం ఇంకా కష్టం. వాటర్లూలో 1815 జూన్ 18న బ్రిటిష్ యూనియన్ బ్రిగేడ్ ఫ్రెంచి పదాతిని చెల్లాచెదురు చేసింది. ఆగాల్సిన చోట ఆగకుండా శత్రు ఫిరంగుల దాకా దూసుకుపోయి, అలిసిన గుర్రాలతో ఫ్రెంచి ఈటెలవాళ్లకు చిక్కింది. వాళ్లను తప్పించడానికి వెళ్లిన దళాల్లో 12వ లైట్ డ్రాగూన్స్ ఒకటి. దాని అధిపతి ఫ్రెడరిక్ పాన్సన్‌బీకి రెండు చేతులకూ కత్తి దెబ్బలు తగిలాయి. పగ్గాలు జారిపోయాయి, గుర్రం తనంతట తానే శత్రువుల మధ్యకు మోసుకుపోయింది. కింద పడ్డాక ఈటెతో పొడిచారు, దోచుకున్నారు. ఒక ఫ్రెంచి అధికారి మాత్రం బ్రాందీ తాగించాడు. రాత్రంతా శవాల మధ్య పడి ఉండి కూడా బతికాడు. అతని కోసం బ్రస్సెల్స్ వచ్చిన సోదరి లేడీ కరొలైన్ లాంబ్, బైరన్‌తో వ్యవహారంవల్ల లండన్ అంతా గుసగుసలాడుకున్న మనిషి. ఆ గాయాలు మానాయి. తర్వాత పెళ్లాడాడు, మాల్టా గవర్నరయ్యాడు, పిల్లల్ని ఎత్తుకున్నాడు. ఆ చేతులతోనే.

మన దేశంలో ఇంటినీ రిసాలానీ ఒకే నోటుబుక్కులో రాసుకున్నవాడు ఒకడున్నాడు. జైపూర్ దగ్గర కానోతాకు చెందిన అమర్ సింగ్. 1898లో మొదలుపెట్టి 1942లో చనిపోయేదాకా డైరీ రాశాడు, మొత్తం 89 సంపుటాలు. జోధ్‌పూర్‌లో సర్ ప్రతాప్ దగ్గర గుర్రపుస్వారీ, పోలో నేర్చుకుని, జోధ్‌పూర్ లాన్సర్లతో చైనా వెళ్లి, 1901లో తిరిగొచ్చి పెళ్లి చేసుకున్నాడు. పెద్దల ముందు భార్యాభర్తలు మాట్లాడుకోకూడని ఇల్లు అది. జనానాలో ఆమె, మర్దానాలో అతను. దళంలో తెల్ల అధికారుల ఎదుట ఎంత జాగ్రత్తగా మెలగాలో, ఇంట్లో తండ్రి, బాబాయిల ఎదుట అంతే జాగ్రత్తగా మెలగాలి. రూడాల్ఫ్ దంపతులు, మోహన్ సింగ్ కానోతా కలిసి ఆ డైరీలోంచి ఏరిన భాగాలు ‘రివర్సింగ్ ది గేజ్’ పేరుతో పుస్తకంగా వచ్చాయి. నవల రాసే ముందు నువ్వు తప్పకుండా చదవాల్సిన పుస్తకం అది.

ఒక జాగ్రత్త. నీ ఉత్తరంలో, నవల చివర జమేదారు మనవణ్ణి 1918 సెప్టెంబర్ 23 నాటి హైఫా దాడిలో ముందు వరసలో చూపిస్తానన్నావు. ఆ దాడి జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లది. మేజర్ దల్‌పత్ సింగ్ అందులోనే నేలకొరిగాడు. హైదరాబాద్ లాన్సర్లు అదే బ్రిగేడ్‌వాళ్లు, ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వాళ్లకు గుర్తు. కానీ ఆ రోజు కీర్తి ఎవరిదో వాళ్లకే ఉంచు. నీ కుర్రవాణ్ణి బ్రిగేడ్‌లో ఉంచు, కబురు విననివ్వు.

రెండో అధ్యాయం మళ్లీ రాయి. జమేదారు భార్య చేతికి పద్దు పుస్తకం ఇవ్వు. ఉలవల వెల, సయీసు కూలి, సావుకారు వడ్డీ అందులో ఉండాలి. పెద్దమ్మ పుట్టింటివాళ్లు బళ్ల వ్యాపారం చేసినవాళ్లు, దాణా లెక్కలు ఆమె నోటికే చెబుతుంది. ఉగాదికి వచ్చేటప్పుడు రాసినంతవరకు పట్టుకురా, ఆమె పక్కన కూర్చుని చదువుదువు గాని.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న