చెరువు విడిచిన నీరు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దీనిలో కలియును. ఉప్పుటేరు దీని నీటిని సముద్రమునకు గొనిపోవును. 1999లో దీనిని అభయారణ్యముగ ప్రకటించిరి. 2006లో సరస్సు గర్భములోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. అయినను చుట్టుప్రక్కల ప్రాంతమున నేటికిని లెక్కకు మిక్కిలిగ చెరువులున్నవి. అక్కడి బొచ్చెలు, శీలావతులు మంచుగడ్డల నడుమ హౌరా వరకును పోవుచున్నవి. మరి ఆ చెరువులు విడుచు నీరు ఎక్కడికి పోవును? కాలువలలోనికి, తుదకు సరస్సులోనికి.

చేపకు వేసిన మేతలోని నత్రజనిలో దాదాపు పావువంతు మాత్రమే దాని మాంసమగును. తక్కినదానిలో చాలభాగము మలముగను, మొప్పల నుండి వెలువడు అమ్మోనియాగను నీటిలో చేరును. దానితో సూక్ష్మమైన నాచు విపరీతముగ పెరిగి నీరు ఆకుపచ్చనగును. పగలు ప్రాణవాయువు నిచ్చు ఆ నాచే రాత్రివేళ దానిని పీల్చివేయును. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుట రైతు లెరిగినదే.

ఇట్టి నీటిని శుద్ధిచేయుటకు గొప్ప యంత్రము లక్కరలేదు. చెరువు ఖాళీచేయునప్పుడు మొదట పోవు నీరు కొంత తేటగనే యుండును. బురద, మలము మెండుగ నుండునది కడపటి నీటిలోనే. కనీసము దానినైనను ప్రక్క గుంటలోనికి మళ్లించి కదలక నిలిపినచో మడ్డి అడుగునకు దిగును. ఆ మడ్డి కొబ్బరితోటకు మంచి ఎరువు. ఉప్పునీటి రొయ్యల చెరువు మడ్డి మాత్రము పొలమునకు తగదు.

తేరిన నీటిలోను అమ్మోనియా కరగియే యుండును. దానిని మార్చు పని బాక్టీరియాలది. నైట్రోసోమోనాస్ అను జాతి దానిని నైట్రైటుగను, వేరొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగను మార్చును. వానికి ప్రాణవాయువు కావలయును గనుక నీటిని పలుచగ, గాలి తగులునట్లు పారింపవలెను. నైట్రేటును జమ్ము, తుంగ వేళ్లతో పీల్చుకొనును. ఆ నీటినే వరిచేనికి పెట్టినచో ఎరువు ఖర్చును తగ్గును.

తీరప్రాంతపు రొయ్యల సాగునకు 2005లో ప్రత్యేక చట్టము వచ్చినది. దాని మార్గదర్శకములలో పెద్ద చెరువులకు శుద్ధిగుంట ఉండవలెనను నియమము కలదు. గుంటకు చోటు విడుచుటకు రైతు వెనుకాడును. అచ్చట చేప పెరుగదు, కౌలు మాత్రము తప్పదు. ఇది అల్పమైన అభ్యంతరము కాదు. కాని రోగము సోకిన చెరువు నీరు ఈ దినము కాలువలో పడినచో, రేపు ఇంజనుతో దానిని తోడుకొనువాడు దిగువ చెరువు రైతు. ఎగువవాడు విడిచిన నీటిని తోడుకొనువాడు ఇతడే.