చేతిలో ఫోను – బల్లమీద కంప్యూటరు

పిల్లలూ! మీ చేతిలోని ఫోను కూడా ఒక చిన్న కంప్యూటరే. అయితే రెండింటితోనూ మనం చేసే పని ఒకటేనా? ఆలోచించి చూద్దాం.

1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరును విడుదల చేసింది. అది బల్లమీద ఉండేది. మనిషి దాని దగ్గరకు వెళ్ళి కూర్చునేవాడు. 2007లో ఐఫోను, 2008లో మొదటి ఆండ్రాయిడ్ ఫోను వచ్చాయి. ఇవి మనిషి వెంటనే తిరుగుతాయి. అసలు తేడా ఇదే.

ఫోను వెంట ఉంటుంది కనుక చప్పున బొమ్మ తీస్తుంది, మాటను పట్టి ఉంచుతుంది, దారి చూపుతుంది. కాని దాని తెర అరచేయంత. రెండు బొటనవేళ్ళతో రాస్తాము కనుక పొడి మాటలే రాస్తాము. మధ్యలో గంట మోగితే చేస్తున్న పని మరచిపోతాము. కంప్యూటరు ముందు పది వేళ్ళూ పనిచేస్తాయి. తెరమీద ఒక పక్క నిఘంటువును, మరొక పక్క మీ వ్యాసాన్ని ఉంచుకోవచ్చు.

ఇక తెలుగు సంగతి. “స్త్రీ” అనే మాట తీసుకోండి. ఫోనులో చాలామంది ఇంగ్లీషు అక్షరాలు నొక్కుతారు, లేదా నోటితో చెబుతారు. తెలుగు మాట దానంతట అదే వస్తుంది. కంప్యూటరులో ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో రాస్తే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు మీటలు నొక్కాలి. అప్పుడు ఒత్తులు ఎలా ఏర్పడతాయో వేళ్ళకే తెలుస్తుంది. మారిషస్‌లో మన చుట్టూ క్రియోల్, ఫ్రెంచి, ఇంగ్లీషు ఉన్నాయి. తెలుగు రాసే అవకాశం కొద్దిగానే దొరుకుతుంది. దానిని కూడా యంత్రానికి అప్పగిస్తే మనకు మిగిలేదేమిటి?

అలాగని ఫోను వద్దనకండి. ఒక పని చేయండి. మీ నాయనమ్మ దగ్గర కూర్చుని, ఆమె అనుమతితో, చెరకు తోటల్లో పనిచేసిన పెద్దల ముచ్చట్లు ఫోనులో రికార్డు చేయండి. ఆమె క్రియోల్‌లో చెప్పినా సరే. తరువాత కంప్యూటరు ముందు కూర్చుని, కొంచెం వింటూ, కొంచెం ఆపుతూ, తెలుగులో రాయండి. రాసినది ఆమెకు చదివి వినిపించండి. పొరపాటు ఉంటే ఆమే దిద్దుతుంది.

ఫోను పోతే అందులోని గొంతు కూడా పోవచ్చు. మీరు రాసి, అచ్చు తీసి దాచిన కాగితం మీ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మిగులుతుంది.

అభ్యాసము
1. ఫోనుకు, కంప్యూటరుకు గల ముఖ్యమైన తేడా ఏది?
2. “రాష్ట్రం” అని రాయడానికి ఏయే మీటలు వరుసగా నొక్కాలి?
3. మీ ఇంటి పెద్దలు చెప్పిన ఒక ముచ్చటను పది వాక్యాలలో రాయండి.