తలగాయము – ఇంటివారి ఓరిమి

జాతీయ రహదారిపై తలకు దెబ్బ తగిలిన గృహస్థు ఆసుపత్రి నుండి రాజమహేంద్రవరములోని తన యింటికి చేరగానే బంధువులు "గండము గడిచినది" అందురు. ఇల్లాలికి అసలు కష్టము ఆనాడే మొదలగును. కుట్లు మానుట కంటికి కనబడును. మెదడు కోలుకొనుట కనబడదు. నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబరులో మోటారుసైకిలు ప్రమాదమునకు లోనైన పిమ్మట మాట కూడదీసికొనుటకు ఎంత శ్రమపడెనో తానే చెప్పియున్నాడు.

నుదుటి వెనుక భాగము దెబ్బతిన్నచో కోపము నణచుకొను శక్తి సన్నగిల్లవచ్చును. 1848లో అమెరికాలో ఫినియాస్ గేజ్ అను రైలుమార్గపు పనివాని తలగుండ ఇనుపకడ్డీ దూసికొనిపోయెను. అతని స్వభావము మారెనని వైద్యుడు హార్లో వ్రాసెను. గేజ్ తరువాత చిలీలో ఏండ్లతరబడి గుర్రపుబండి తోలెననుట మాత్రము పాఠ్యగ్రంథములు తరచు మరచుచుండును! నియమిత దినచర్యయే అతనికి ఊతమైనదని కొందరు పరిశోధకుల తలంపు.

మన యిండ్లలోను అంతే. భోజనము, నిద్ర వేళకు జరుగవలెను; ఒకసారి ఒక్క పనియే చెప్పవలెను; టీవీ మోత తగ్గింపవలెను. మూర్ఛ వచ్చినచో వెంటనే వైద్యునికి చూపవలెను.

పిల్లల సంగతి మరింత సున్నితము. తండ్రి కసరినప్పుడు, తప్పు తమదేనని వారు లోలోన కుములుదురు. "నాన్నగారి మెదడుకు దెబ్బ తగిలినది, నీవలన కాదు" అని తల్లి స్పష్టముగా చెప్పవలెను. రేపటికి నయమగునని బొంకరాదు. కోలుకొనుట నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును.

ఆమెకును నిద్ర కావలెను గదా! పండ్లు తెచ్చి, "నన్ను గుర్తుపట్టితివా?" అని రోగిని పరీక్షించు చుట్టములకంటె, రెండు గంటలు అతని చెంత కూర్చుండి ఆమెను పడుకొననిచ్చు తోడికోడలే మేలని మా అభిప్రాయము.